చుట్టుకొలత

శనివారం పొద్దున నాలుగున్నరకి
మెహదీపట్నం ఫ్లైఓవర్ కింద పదకొండు మందిమి.
బస్సు కాదు, బాలకిషన్ గారి టెంట్‌హౌస్ ట్రాలీ.
పెళ్లి కుర్చీల్లో కూర్చుని
ద్వీపానికి బయల్దేరాం.

"హైదరాబాదులో ద్వీపమేందే!" అని
అక్క ఫోన్లో ఒకటే నవ్వు.
చిలుకల చెరువు నడుమ ఒక దిబ్బ,
నాలుగు తుమ్మచెట్లు, కప్పు కూలిన పంపుహౌసు.
నిజం చెప్పాలంటే మే నెలలో అది ద్వీపం కూడా కాదు.
నెర్రెలిచ్చిన మట్టి మీదుగా నడిచే వెళ్లాం.
దారిలో ఒక రబ్బరు చెప్పు, ఒక సీసా,
పడవని కట్టేసే తాడు,
దేన్నీ కట్టెయ్యకుండా పడుంది.

క్లబ్బులో నేను చివరిదాన్ని.
చివరన ఉండటమే నాకిచ్చిన పని:
నా వెనక ఎవరూ మిగిలిపోకూడదు.
నారింజ జాకెట్ తొడుక్కుని
ఆరేళ్లుగా వీపులు చదువుతున్నాను.
ఫర్హానా ఎడమ మడమ బయటికి విసురుతుంది.
వెస్లీ సారు ఎక్కాలు అప్పజెప్తున్నట్టు మెడ ఊపుతాడు.
కొత్త అప్పు చేసినప్పుడల్లా
యాదగిరి భుజాలు చెవులదాకా లేస్తాయి.
ముఖాలంటారా,
అవి ఆఖర్న, టీ బండి దగ్గర.

దిబ్బ చుట్టూ ఒక చుట్టు
వాచీలో ఎనిమిది వందల నలభై మీటర్లు.
పది కిలోమీటర్లకి పన్నెండు తిరగాలి.
గుండ్రంగా తిరిగేచోట
ముందున్నవాళ్లు వెనకనించి వస్తారు.
మొదటివాడెవడో ఆఖరిదెవరో
తుమ్మచెట్లకేం పట్టింది?
నా వీపు చూశారు వాళ్లు, మొదటిసారి.
"ఉరికేటప్పుడు కూనిరాగం తీస్తరా మేడం?"
అన్నాడు యాదగిరి, దాటిపోతూ.
తీస్తానని నాకే తెలీదు.

రాత్రి ఖిచ్డీ, ఖట్టా.
తూర్పున నగరం,
ఆకాశానికి అంటుకున్న పసుపు మరకలా.
పడమట ఉరిమింది.
మా మీద లెక్కపెట్టగలిగినన్ని చినుకులే.
వికారాబాద్ గుట్టల మీద మాత్రం
ఎవరి గొడుగో విరిగేంత కురిసుంటుంది.

ఆదివారం, ఇంకా చీకటి.
మొదటి చుట్టు ఎనిమిది వందల పది.
వాచీ పాడైందనుకున్నాను.
రెండోది ఏడు వందల తొంభై.
"నాదీ అంతే," అన్నాడు వెస్లీ సారు,
లెక్క తప్పిన పిల్లాడి గొంతుతో.
మూడో చుట్టులో బూట్లు తడిశాయి.

వెలుగొచ్చాక చూస్తే
నడిచొచ్చిన దారి లేదు.
చెప్పు తేలుతోంది, దాని వెనకే సీసా.
తాడు నీళ్లలో ఒళ్లు విరుచుకుంటోంది.
ఎప్పుడొచ్చిందో వాగు, చప్పుడే లేదు,
అలారం మోగకుండా లేచే మనిషిలా.

ఎర్రం సాయన్న పుట్టి వేసుకొచ్చాడు.
విడతకి ముగ్గురు, మనిషికి వంద.
"ఉరుకుడు బంద్ బెట్టి కూసోండ్రి.
కదిలిన్రంటే అందరం బోతం."
నలభై రెండు కిలోమీటర్లకి వణకని
బాలకిషన్ గారి మోకాళ్లు
ఊరికే కూర్చోమంటే వణికాయి.
పుట్టి తిన్నగా పోనే పోదు.
తన చుట్టూ తాను తిరుగుతూ పోతుంది,
చెరువూ గట్టూ ఫర్హానా ముఖమూ
మళ్లీ చెరువూ.

ఆఖరి విడత నాది.
ఎవరూ మిగల్లేదు కదా అని వెనక్కి చూశాను.
ఒక కొంగ. స్టవ్ మసి.
మేం తొక్కి తొక్కి వేసిన బాట,
దాన్ని బయటి అంచునించి
కొంచెం కొంచెంగా కొరుకుతున్న నీళ్లు.
సాయన్న తెడ్డు ఆపి అడిగాడు,
"ఆ పాటేందక్కా?"

సోమవారం టోలీచౌకీ బ్రాంచిలో
టోకెన్ నంబరు ముప్ఫై నాలుగు
కౌంటరు మీద వేళ్లతో తడుతున్నాడు.
బల్ల కింద ఫోన్లో ఆదివారం మ్యాపు:
ఒకదాన్లో ఒకటి మూడు గీతలు,
సగానికి కోసిన ఉల్లిగడ్డలా.
నాలుగోది గీయలేదు.
పాస్‌బుక్ మీద ముద్ర వేస్తూ అనుకున్నాను,
ఈ పూట ఎంతుంటుందో
దాని చుట్టుకొలత.