కొనసాగించబడింది

గుండెను ఆపేది సారు.
ఆగినంక మనిషిని నడిపేది నేను.
ఇరవై ఆరేండ్లు గిదే మా కొలువు.
ఆయన కత్తెర కాడ, నేను పంపు కాడ,
నడుమ గొట్టాలల్ల ఎవరిదో ఎర్రటి పానం.

పొద్దుగాల ఆరు గొట్టక ముందే
జియాగూడ నుంచి టిఫిన్ డబ్బాల మేక గుండెలు తెచ్చేటోడు
ప్రొఫెసర్ నమిలికొండ సదాశివ.
"కూరకా సారూ?" అని కసాయి ఖాజా అడిగితే
"చదువుకు" అనేటోడు.
ఖాజా నవ్వి, కొసరు ఒకటి ఏసేటోడు.
పీజీ పిల్లలు కవాటాలు కోసి, కుట్టి,
విప్పి, మళ్ల కుట్టి,
ఆఖరికి క్యాంటీన్ పిల్లికి పెట్టేటోళ్లు.
అసొంటి బలిసిన పిల్లి అఫ్జల్‌గంజ్ మొత్తంల లేదు.

ఆయన టేబుల్ సొరుగు పిడికి
నల్ల పట్టుదారం ముడులు జడలోలె వేలాడేటివి.
"ముడి గట్టిగుండాలె, ముడేసేటోనికి కోపం ఉండొద్దు"
గిది పాఠం. పుస్తకంల లేదు.
హెచ్‌ఓడీ కుర్చీ ఆరేండ్లు ఫైళ్లల్ల తిరిగింది,
ఆయన మాత్రం వార్డులనే తిరిగిండు.
పేషెంటు బతికితే బయట చెప్పనికి పిల్లలను పంపేటోడు.
బతకకపోతే తనే పోయేటోడు,
లిఫ్ట్ ఎక్కకుండ,
ఒక్కో మెట్టు దిగుకుంట.

ఒక జూన్ నెల. మొదటి వాన.
మూసీ వాసన థియేటర్ దాకా ఎక్కొచ్చింది.
బల్ల మీద ఎనిమిదేండ్ల బిడ్డ,
పెదాలు నేరేడు పండ్లు.
గుండె ఆపినం.
కరెంటు పోయింది.
కింద జనరేటర్ దగ్గింది, గొంతు సవరించుకుంది,
ఇంక సప్పుడు లేదు.
నేను పంపుకు హ్యాండిల్ తగిలిచ్చి తిప్పుడు మొదలుపెట్టిన.
బాయిల చేదినట్టు కాదది,
జర జోరైతే ఒక తప్పు, జర మెల్లగైతే ఇంకో తప్పు.
నర్సు మేరీగ్రేస్ టార్చి పట్టింది.
సారు తల ఎత్తలే.
"సాయిలూ, ఆగకు" అన్నడు.
గంతే.
పదకొండు నిమిషాలు.

ఆ కేసు మీద పేపర్ రాసిండు.
మూడు జర్నళ్లు వాపస్ పంపినయి, నాలుగోది అచ్చేసింది.
చదివిన.
అండ్ల వాన లేదు, టార్చి లేదు.
ఇంగ్లీషుల ఒక్క వాక్యం:
రక్తప్రసరణ కొనసాగించబడింది.
ఆ "బడింది" ఉన్నదే,
అది నా కుడి భుజం.
చలికాలం ఇప్పటికీ గుంజుతది.
"నా పేరు యాడుంది సారూ?" అని అడిగిన.
"సైన్సుల చేతులకు పేర్లుండవు" అన్నడు.
నెల రోజులు మాట్లాడలే నేను.
పంపు మాత్రం నడిపిన.

మార్చి ముప్పై ఒకటి.
శాలువా, దండ, మైకుల గరగర.
కారొద్దన్నడు. ఇద్దరం అఫ్జల్‌గంజ్‌ల బస్సెక్కినం.
జనం. చెమట. చేతిల దండ నలుగుతున్నది.
"టికెట్, టికెట్" అనుకుంట వచ్చింది కండక్టరమ్మ.
ఖాకీ అంగీ కాలర్ కింద
సన్నటి తెల్ల గీత.
పైకొచ్చిన కాడ ఎడమకు జర వంగింది.
ఆ వంపు నాకెరుక.
మేరీగ్రేస్ టార్చి గుంజుకుపోయిన కాడ పడ్డ కుట్టది.

సారు గూడ చూసిండు.
"రెండు నారాయణగూడ" అన్నడు.
"చిల్లర లేదా సార్?"
జేబంతా దేవులాడిండు.
ముడులు నేర్పిన ఏళ్లకు రూపాయి బిళ్ల దొరుకుతలేదు.
చెప్పుమని కండ్లతోని నేనడిగితే
తల అడ్డంగ ఊపిండు.

ఆ పేపర్ల ఆమె ఎన్నటికీ ఎనిమిదేండ్లదే.
ఈడ మాత్రం యాభై మందిని గదమాయిస్తున్నది:
"ముందుకు జరగాలె, ముందుకు!"

సారు టికెట్ మడిచి వాచీ కింద పెట్టుకున్నడు,
ముందుకు జరిగిండు.
నేను కుడి చేత్తోని రాడ్ పట్టుకున్న.