లెక్క

డండీలో, మూతపడ్డ జనపనార మిల్లు మూడో అంతస్తులో
మంగళవారం మంగళవారం కలుస్తాం, ఏడుగురం.
హీటరు ఒకటే. దాని పక్క కుర్చీకి
వంతులు రాసిన కాగితం తలుపు మీద ఉంటుంది.
నిజానికి మా మొదటి విధానపత్రం అదే.

చీపుర్ల అలమరలో సర్వరు గుర్రుపెడుతుంది,
మూడువందల నలభై మంది మాటలు దాని పొట్టలో.
పెద్ద సైట్ల మీద విసుగెత్తి వచ్చినవాళ్ళు,
తరిమితే వచ్చినవాళ్ళు,
ఊరికే, పిన్ని వచ్చిందని వచ్చినవాళ్ళు.

తీసేయడంతో మొదలుపెట్టాం.
ఇష్టాల అంకె తీసేశాం.
ఎంత లాగినా తరగని ఆ పేజీకి
అడుగు కట్టాం. అక్కడ
"ఇవాళ్టికి ఇంతే, కిటికీ తీసి చూడు" అని ఉంటుంది.
తీస్తే చాలా రోజులు వానే.
ఏది రాసినా తొమ్మిది నిమిషాలు ఆగి వెళ్తుంది.
పదెందుకు కాదన్నాడు రోరీ.
టీ చల్లారడానికి తొమ్మిది చాలంది ఎఫీ.
నాలుగుకు మూడు ఓట్లతో అది చట్టమైంది.

రాత్రి పన్నెండుకు తలుపేద్దామనుకున్నాం.
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే మోరాగ్ రాసింది:
"మీ రాత్రి నా మధ్యాహ్నం.
నా అన్నం వేళకు గొళ్ళెం పెట్టమని మీకెవరు చెప్పారు?"
ఎవరూ చెప్పలేదు. తీసేశాం.
కోడ్‌లో నాలుగు లైన్లు పోయాయి,
సిగ్గు మాత్రం వారం ఉంది.

అబర్డీన్ వైపు పొరుగు సర్వరొకటి
ఒక పిల్ల మీద మూకలా పడింది.
తీగ తెంపాలా? అక్కడా మంచివాళ్ళున్నారు కదా.
రెండు వారాలు నలిగి, తెంపాం.
అవతల మిగిలిపోయిన మంచివాళ్ళకు
ఉత్తరం రాసే పని నాకు పడింది.
"మేము" అని ఎంత తేలిగ్గా రాస్తామో
"మీరు" అనే చోటికొచ్చేసరికి చెయ్యాడదు.

తర్వాత గెడ్డీస్ గారు.
రోజూ పొద్దున టే నది మీది రైలు వంతెన ఫోటో పెడతాడు,
అదే రాయి మీద నిలబడి, అదే వంతెన.
మూడు నెలలకు అడిగాడు:
"ఎవరైనా చూస్తున్నారా, గోడతో మాట్లాడుతున్నానా?"

ఆ వారం హీటరు పక్క కుర్చీ ఖాళీ.
అందరం నిలబడే వాదించుకున్నాం.
అంకె రానివ్వనన్నాను నేను.
నెల్లిమర్లలో మా అమ్మ గోనెసంచులు కుట్టేది.
ఎవరెన్ని కుట్టారో గేటు దగ్గర పలక మీద రాసేవాళ్ళు.
తక్కువైన రోజు తలొంచుకుని ఆ పలక దాటేది.
అంకె అంటే నాకు ఆ మెడ.

ఎఫీ అమ్మమ్మ ఈ మిల్లులోనే నేసేది.
మగ్గాల హోరులో చెవులు పోయి
చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళట.
"ఒక వేలెత్తితే 'విన్నాను' అని,"
ఎఫీ ఎత్తి చూపించింది.
"ఎన్ని వేళ్ళు లేచాయో ఎవరు చూశారు?"

నా భాషలో ఒక చిక్కుంది, వాళ్ళకు చెప్పలేకపోయాను:
లెక్కపెట్టడం వేరు, లెక్కచేయడం వేరు.
మొదటిదాన్ని ఊడ్చే ఊపులో
రెండోదాన్నీ గడప దాటించామేమో.

చివరికి ఒక వేలి గుర్తు పెట్టాం.
"చూశాను" అని, చూసినవాళ్ళ పేరుతో,
ఫోటో పెట్టినాయనకు మాత్రమే.
కూడిక ఉండదు, మాకు కూడా కనబడదు
అని నియమాల్లో రాసింది నేనే.

నిన్న రాత్రి నిర్వాహకురాలి తాళంచెవితో లోపలికెళ్ళి
గెడ్డీస్ గారి వేళ్ళు లెక్కపెట్టాను.
రెండు.
ఒకటి మోరాగ్‌ది, డ్యూటీ దిగి, ఏడూ నలభైకి.
ఇంకొకటి నాది.

వచ్చే మంగళవారానికి ఒక అంశం రాశాను:
"తాళంచెవి ఉన్నవాళ్ళు ఏం చూడకూడదు."
ప్రతిపాదించినవారు, నా పేరు.
ఎందుకో రాయలేదు.
పంపాను. ఇంకా వెళ్ళలేదు, ఆగి ఉంది.
టీ పొగలు కక్కుతోంది.