థర్మాస్ ఎవరు పట్టుకుంటారు

మా ఊళ్లో ఎవరి చంకా ఖాళీగా ఉండదు.
ఎడమ చంకలో వేడినీళ్ల థర్మాస్,
ఆ చేతిలోనే మాతే ఆకు నింపిన సొరబుర్ర, దాన్లో వెండి గొట్టం.
కుడి చేయి మిగతా జీవితానికి:
బస్సు చిల్లరకి, తాళంచెవికి, పోయొస్తానని ఊపడానికి.
మోంతెవిదేయోలో పుట్టినవాళ్లం
ఇలాగే నడక నేర్చుకుంటాం.

పదకొండేళ్లు నేనూ తెల్మా
రాంబ్లా పొడవునా ఇలాగే నడిచాం.
పక్కన నది. అవతలి గట్టు కనిపించదు కాబట్టి
సముద్రమనే పిలుస్తాం, అదీ దిద్దదు.
నడకని పేరే గానీ అది కబుర్ల బండి,
కాళ్లు దాన్ని లాగే ఎద్దులు.
ఆమె రెండో పెళ్లి, నా తూకాల ఆఫీసు,
ఎవరి కోడలు ఎవరితో మాటలు మానేసిందో
అన్నీ పోసితోస్ మలుపుకల్లా తేలిపోయేవి.
ఒక బుర్ర నాకు, ఒక బుర్ర తనకి.

ఏప్రిల్లో డాక్టరమ్మ
కాగితం మీద రెండు అంకెలకి సున్నా చుట్టి
"నడక మీకు మరీ అలవాటైపోయింది, సెన్యోరా.
మీ గుండెకి ఇప్పుడది కుర్చీతో సమానం" అంది.
పదకొండేళ్ల నడక
ఒక్క మాటతో కూలబడింది.

"జాగింగా?" అంది తెల్మా.
"పరుగెత్తి పాలు తాగేవాళ్ల గురించి విన్నాను గానీ
పరుగెత్తి మాతే తాగేవాళ్లని చూడలేదు.
థర్మాస్ ఎవరు పట్టుకుంటారు?"

నా దగ్గర జవాబు లేదు.

జులై. చెవులు కోసే చలి.
ఒక దీపస్తంభం దాకా పరుగు, రెండు స్తంభాలు నడక.
చెప్పుకోడానికి తేలికే.
అరవై రెండేళ్లూ నాతో పాటే పరుగెత్తాయి,
సంచిలో గిన్నెల్లా ఒకదానికొకటి తగులుకుంటూ.
పొట్ట ఒక తాళం, రొమ్ములు ఇంకో తాళం.
ఎడమ చేయి మాత్రం ఏం చేయాలో తోచక
లేని థర్మాస్‌ని పక్కటెముకలకేసి అదుముకుంది.
చేపలు పట్టే విల్మార్ గాలం వదిలేసి లేచాడు:
"ఎవరైనా తరుముతున్నారా, ఎల్బా?"
జవాబుకి ఊపిరి చాల్లేదు. తలూపాను.
అవుననో కాదనో ఆయనే అనుకోవాలి.

ముప్పై ఏళ్లు రేవులో లారీలు తూచినదాన్ని.
నిండుగా వచ్చినవీ తెలుసు, ఉత్తగా పోయేవీ తెలుసు.
నడిచేటప్పుడు ఏదో ఒక పాదం
నేలకి మాటిచ్చే ఉంటుంది.
పరుగులో ఒక్క రెప్పపాటు
రెండూ మాట తప్పుతాయి.
ఆ రెప్పపాటులో నా బరువెంతో
ఏ కాటా చెప్పలేదు.
వెంటనే మోకాలు చెబుతుందనుకోండి, వడ్డీతో సహా.

సెప్టెంబర్లో మోకాలు వాచి వారం మానేశాను.
మళ్లీ తెల్మాతో నడిచాను.
కబుర్లు ఎక్కడ ఆపామో అక్కడే ఉన్నాయి, చల్లారకుండా.
నేనే సగం విన్నాను.
ప్రతి స్తంభం దగ్గరా పిక్కలు
బడిగంట విన్న పిల్లల్లా ఉలిక్కిపడుతుంటే
ఆమె చూసింది. ఏమీ అనలేదు.
కాసేపటికి "పో" అంది.

ఇప్పుడు తను బెంచీ మీద కూర్చుంటుంది,
థర్మాస్ ఒళ్లో, వీపు గాలివైపు.
నేను లైట్‌హౌస్ దాకా వెళ్లి వెనక్కి తిరుగుతాను.
మూడు స్తంభాల దూరంలో కనబడగానే
బుర్రలో నీళ్లు పోస్తుంది.
నేను చేరేసరికి సరిగ్గా తాగే వేడి.
ఇలా చేస్తానని తనెప్పుడూ చెప్పలేదు,
నేనే కనిపెట్టాను.

నిన్న చేతికందుకుని గొట్టం పీల్చానో లేదో
నాలుక చుర్రుమంది.
తెల్మా నన్ను చూసింది, స్తంభాల వైపు చూసింది,
మళ్లీ నన్ను.
"తొందరగా వచ్చేదానివి చెప్పి రావొచ్చుగా!"

కళ్లలో నీళ్లు తిరుగుతుండగా
బుర్ర ఖాళీ చేసి తిరిగిచ్చాను.
గ్రాసియాస్ అనలేదు.
మా ఊళ్లో మాతే ఇచ్చే చేతికి ఆ మాటంటే
ఇక నాకు చాలు అని అర్థం.