అరికాలికి తెలిసింది

రాయగడ దాటి అరగంట కాలేదు.
బండి కింద ఎవరో తిరగట్లో చోళ్ళు పోసి
మెల్లగా విసరడం మొదలెట్టారు.

ముందు ఫ్యాను కట్టేశాను.
తర్వాత పాట.
తర్వాత, బతిమాలి, వెనక సీట్లో అప్పలకొండత్త నోరు.
తాళాల గుత్తి, నీళ్ళ సీసా, డిక్కీలో స్టెప్నీ,
అందరి మీదా అనుమానమే.
మొన్ననే వేయించిన సైలెన్సరుని
ఇంట్లో గిన్నె పోతే కొత్త కోడల్ని చూసినట్టు చూశాను.

నలభైలో గొణుగుడు. అరవైలో మూలుగు.
న్యూట్రల్లో పెట్టి వదిలేస్తే
ఇంజను నోరు మూసుకుంది, అది మూసుకోలేదు.
అయితే ఇంజనుది కాదు.
సగం ప్రాణం లేచొచ్చింది. ఇంజనంటే పాతికవేలు.

పక్కన కూర్మయ్య మావ.
పేపరు మిల్లు గేటు ఎదర రేకుల షెడ్డులో
ముప్పయ్యేళ్ళు లారీల గుండె విన్నవాడు.
పోతూ పోతూ ఆ లారీలే చెవులు పట్టుకుపోయాయి.
ఇవాళ కోరాపుట్ పెద్దాసుపత్రిలో పరీక్ష.
నేను అతని దగ్గర పానాలందించిన గుంటణ్ణి,
పదమూడు అడిగితే పద్నాలుగిచ్చి
మొట్టికాయ తిన్నవాణ్ణి.

చెప్పకూడదనుకున్నాను.
పళ్ళు లేనాయన ముందు చెరుకు నమిలినట్టుంటుంది.

అతనే చెప్పులు విప్పాడు.
రెండు అరికాళ్ళూ రేకు మీద ఆనించి
కళ్ళు మూసుకున్నాడు.
"కుడికి కొట్టు," చెవిటివాళ్ళ గట్టి గొంతు.
కొట్టాను. మూలుగు పెరిగింది.
"ఎడమకి."
తగ్గింది.
"ఎడం పక్క ముందు చక్రం. బేరింగు.
బరువెటు పడితే అటే ఏడుస్తాది గుంటడా."

కాకిరిగుమ్మ టీకొట్టు దగ్గర జాకీ ఎక్కించాం.
కొట్టు కుర్రాడొచ్చి "కణ హెలా?" అన్నాడు.
అల్లం గంపలు దించి ఇద్దరు కొండోళ్ళ ఆడవాళ్ళు
మా చక్రాన్ని చూస్తూ నిలబడ్డారు.
మావ స్ప్రింగు చుట్టూ వేళ్ళు వేశాడు. "తిప్పు."
తిప్పాను.
నాడి దొరికిన వైద్యుడిలా తలూపి
నా చెయ్యి లాగి అక్కడే పెట్టాడు.
ఇసక. ఇనుము లోపల ఇసక.
ఇరవయ్యేళ్ళ కిందట నేర్పాల్సిన పాఠం.
అప్పుడు చెవులున్నాయి, అవసరం రాలేదు.
"ఊరు దాకా లాగుతాది. నలభై దాటకు."

ఆసుపత్రిలో అద్దాల గది.
చప్పుడు వినపడితే చెయ్యెత్తమన్నారు.
చాలాసేపు చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి.
డాక్టరమ్మ కాగితం మీద గీసిన గీత
ఘాటీ రోడ్డులా కిందకే దిగింది.
చిక్కుడుగింజంత మిషను తగిలించారు.

బేరింగు దొరికింది గానీ
దాన్ని నొక్కి దించే షెడ్డు మూసేశారు.
అదే చక్రంతో, అదే మూలుగుతో
లక్ష్మీపూర్ ఘాటీ.

మావ కొత్త చెవితో కూర్చున్నాడు.
కిటికీ అద్దం గిలగిల, అత్త బఠాణీల పొట్లం,
ఎదురు లారీ హారను, గాజుల మీద గాజులు.
ఏదో అడిగాను.
"ఇది నీ గొంతా? గుంటడిలా లేదే."
మూడు మలుపులు విన్నాడు.
నాలుగో మలుపులో మిషను పీకి
జేబులో వేసుకున్నాడు, బీడీకట్ట పక్కన.
"అందరూ ఒక్కసారే అరిస్తే
జబ్బు ఎవరికో ఎలా తెలుస్తాది?"

చెప్పులు విప్పాడు.
నేనూ విప్పాను ఎడమది, క్లచ్చు కాలిది.
మొదట ఏమీ లేదు, ఒట్టి వేడి రేకు.
తర్వాత మడమలోకి ఎక్కింది,
సన్నగా, ఆ తిరగలి.

"ముప్పై ఎనిమిదిలో ఉన్నాం కదా,"
మీటరు వైపు చూడకుండా అన్నాడు.
చూశాను. నలభై ఒకటి.
చెప్పలేదు.
కుడికాలు కొంచెం ఎత్తాను.