రెండో హెచ్చరిక

ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక ఎగరేశారు.
లంకలు రెండు. పడవ ఒక్కటే.

ముందు మాకంటే మాకని
రేవులో గెడకర్రలు లేచాయి.
కాంగోలో నీలిటోపీ పెట్టి నిలబడ్డ
మాజీ హవల్దారు పెచ్చెట్టి ఏసుపాదం
లుంగీ ఎగ్గట్టి
మోకాల్లోతు నీళ్లలో, మధ్యన.

పెద్దలిద్దర్నీ ఒకే బియ్యం బస్తా మీద కూచోబెట్టి
బీడీ ముట్టించిచ్చాడు.
"గేదెలు ఎవరికెక్కువ పోయాయి?"
పిల్లలెందరని అడగలేదు.
ఆ లెక్కలో ఎవరూ తగ్గరు.

వాళ్లు గేదెల మీద పడ్డారు.
ఈలోగా రెండు లంకల బాలింతలతో
పడవ చప్పుడు లేకుండా కదిలింది.

సాయంత్రానికి రిజిస్టరు నాని
వేలిముద్రలు ఒకదాన్లోకొకటి పాకాయి,
ఏది ఏ లంకదో తెలీకుండా.

నీళ్లు తీశాక మళ్లీ కొట్టుకుంటారు.
తెలుసు.
టార్పాలిన్లు లెక్కెడుతున్నాడు:
నలభైమూడు.
ఒకటి చిరిగింది.