అరసున్న ఎటు తెరిచి ఉంది

ఫిబ్రవరి. తొయామాలో రోడ్డు పక్కన మంచు
నా వ్యాను కంటే ఎత్తు.
లైసెన్సు కేంద్రం తలుపు తీయకముందే
పదకొండు మందిమి, గొడుగులు దులుపుకుంటూ.
నాకు సోమవారం దాకే గడువు.
మంగళవారం నుంచి
డే-కేర్‌ ముసలమ్మలు ఏడుగురినీ
ఇళ్ల దగ్గర ఎక్కించుకొచ్చేది ఎవరని
మా మేనేజరు మూడుసార్లు అడిగింది,
మూడుసార్లూ నవ్వుతూనే.

మొదటి కిటికీ. నివాసం కార్డు, పాత లైసెన్సు, రుసుము స్టాంపు.
గుమస్తా నా పేరు కూడబలుక్కుంది:
మం-గా-తా-యా-రు.
"మాంగా?" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
ఇక్కడ మాంగా అంటే బొమ్మల కథల పుస్తకం.
ఎనిమిదేళ్లుగా ఇదే నవ్వు.
అవునండీ, లావుపాటి సంపుటం, అన్నాను.
తాయారంటే అమ్మవారని చెప్పలేదు.
వెనక క్యూ కదలాలి.

రెండో కిటికీ. కళ్ల పరీక్ష.
పెట్టెకి నుదురు ఆనిస్తే లోపల
నల్లటి వలయం, ఒక పక్క తెగి.
ఎటు తెరిచి ఉందో చెప్పాలి.
అక్షరం ముక్క రానివాళ్లకీ పనికొచ్చే పరీక్షట.
నాకు మాత్రం అది అక్షరమే.
అరసున్న.
సోమిదేవమ్మ టీచరు బోర్డు మీద పాత పద్యం రాసి
సుద్దముక్క దాని మీద ఆనించి అనేది:
ఇది పలకదర్రా.
పలకదు కదా అని చెరిపేశారో, ప్రాస ఊరుకోదు.

"కుడి" అన్నాను.
పోలీసు కుర్రాడు ఎదురుచూశాడు.
"కుడి" అన్నాను మళ్లీ, కాస్త గట్టిగా,
వినపడలేదేమోనని.
అప్పుడు తట్టింది ఏ భాషలో చెబుతున్నానో.
మిగి. మిగి.
తర్వాత హిదరి. తర్వాత కింద, కాదు, షితా.
ముద్ర వేశాడు.
నా చూపులో లోపం లేదు.

పోయిన శ్రావణంలో
'ఆగు' అని రాసిన ఎర్ర ముక్కోణం దగ్గర
నేను పూర్తిగా ఆగలేదు.
చక్రాలు దాదాపు ఆగాయి.
దాదాపు అన్న మాట చట్టంలో లేదు.
అందుకని గంట పాఠం.
తెర మీద ఒక తండ్రి టోపీ తీసి
ఎవరి గుమ్మం ముందో తల వంచుకు నిలబడతాడు.
తలుపు తీయరు.
ముందు వరుసలో ఒకాయన గురకపెట్టాడు.
నాకు కళ్లనీళ్లొచ్చాయి. పక్కావిడ టిష్యూల పొట్లం ఇచ్చింది,
పైన అప్పులిచ్చే కంపెనీ ప్రకటన.

కొత్త కార్డు. ఐదేళ్లు.
వీసా వాళ్లు ఈసారి ఏడాదికే సరేనన్నారు.
రోడ్డు ఐదేళ్లు నమ్మింది,
ఈ జారుడు రోడ్డు.
పాత కార్డుకి బెజ్జం కొట్టి వెనక్కిచ్చారు.

బయట బెంచీ మీద ఒక పెద్దాయన.
ఆయన చేతిలోదీ బెజ్జం కొట్టిన కార్డే.
మార్చుకోవడానికి కాదు, అప్పగించడానికి వచ్చాడు.
షోవా నలభై ఒకటి నుంచీ నడిపాడట:
ఇటుకల లారీ, చేపల లారీ,
చివరికి భార్యని ఆసుపత్రికి.
పేరు హతకెయామ.
కార్డు కంటికి దగ్గరగా పెట్టుకుని
బెజ్జంలోంచి నన్ను చూశాడు, చిన్నపిల్లాడిలా.
"ఇప్పుడు ఇంటికెలా వెళ్లాలో తెలీదు" అన్నాడు.
"ఈ ఊళ్లో నేనెప్పుడూ బస్సెక్కలేదు."

పుట్టి పెరిగిన ఊరు.
దింపుతానన్నాను.
వద్దన్నాడు, నేర్చుకోవాలిగా.
సరే, విను తాతా:
మూడో నంబరు స్తంభం, పదకొండూ నలభైకి.
వెనక తలుపులోంచి ఎక్కాలి. చీటీ తీసుకోవాలి.
నోటుంటే ముందే చిల్లర మార్చుకోవాలి.
వచ్చిన కొత్తలో నాకు బస్సులే గతి,
దిగకూడని స్టాపులన్నీ కంఠతా వచ్చు.

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.
స్తంభం. తలుపు. చీటీ.
"మరి దిగేటప్పుడు?"
"ముందు నుంచి" అన్నాను,
మళ్లీ తెలుగులోనే.
చెయ్యి ముందుకే చూపించి ఉంటాను,
ఆయన తలూపాడు.