గాలిసంచి

జక్కూరు ఏరోడ్రోముకు గాలిసంచి కుట్టేది నేనే.
ఏడాదికి రెండు. నారింజ గుడ్డ, తెల్ల గుడ్డ,
ఒకటి విడిచి ఒకటి, ఐదు పట్టీలు.
నోటి దగ్గర వెడల్పు, తోక దగ్గర సన్నం.
జాకెట్లకొచ్చినోళ్లు చూసి నవ్వుతారు,
"ఎవరిదక్కా ఇంత పెద్ద చెయ్యి?"
గాలిది, అంటాను.
కొలతలివ్వడానికి ఎప్పుడూ రాలేదు,
బిగుతయిందని తిరిగీ రాలేదు.

తీసుకుపోవడానికి సల్డానా సారే వచ్చేవాడు.
నెరిసిన మీసం, పాత స్కూటరు, చిల్లరుండని జేబు.
సంచి నోట్లో తల దూర్చి
అటు తోక వైపు చూసేవాడు చాలాసేపు.
"వెలుతురు ఆ చివరే కనబడాల మాస్టర్,
కుట్టులో కనబడకూడదు."
కన్నడ యాసలో తెలుగు. నన్ను మాస్టరన్నది ఆయనొక్కడే.

మంగళవారం, నాలుగు దాటింది.
లైనింగు కత్తిరించి మిషను మీద కూర్చున్నా.
నెత్తిమీద రెండు సీట్ల విమానం, రోజూ తిరిగేదే,
దాని మోతా నా మిషను మోతా
ఒకదాన్నొకటి ఎప్పుడూ పట్టించుకోవు.
ఆ పూట పైది ఆగింది.
దారం తెగినప్పుడు సూది ఉత్తినే ఆడుతుందే, అట్లా
ప్రొపెల్లరు ఇంకా తిరుగుతా ఉంది, చప్పుడు లేదు.
నీళ్లట్యాంకులు దాటింది. కరెంటు తీగలు దాటింది.
రన్‌వే గోడ అదిగో, ఒక చీర పొడవుండదు,
ఇవతలే వయ్యారిభామ పొదల్లో
ముందు ఎడమ రెక్క దిగింది,
తర్వాత మిగిలిందంతా.

ఎళనీరు బండబ్బాయి కత్తి చేతిలో మరిచి పరిగెత్తాడు.
నేను మెడలో టేపుతో.
నేర్చుకునే పిల్ల దేచమ్మ, పంతొమ్మిదేళ్లు,
విరిగిన భుజం పట్టుకుని గడ్డిలో కూర్చుని
"స్పీడు చూడమన్నాడు, చూస్తానే ఉన్నా" అంటోంది,
అడిగినోళ్లకీ అడగనోళ్లకీ.
సల్డానా సారు తన సీట్లోనే ఉన్నాడు,
బెల్టు సరిగ్గా పెట్టుకుని.

ఆఫీసర్లొచ్చారు. చివరి నిమిషంలో గాలి తిరిగిందని ఒకాయన,
ఇంజనని ఒకాయన.
నాకు మూడు రాత్రులు ఒకటే ధ్యాస:
నాలుగో పట్టీ దగ్గర ఆ రోజు దారం మార్చాను.

వాచ్‌మన్ బసప్పకు టీ తాగించి
పాత సంచి దింపించుకుని తెచ్చుకున్నా.
షట్టరు సగం దించి, తల దూర్చా.
లోపల ఎండ వాసన, ఒక చచ్చిన తూనీగ.
ఆ చివర రూపాయి బిళ్లంత వెలుతురు.
కుట్టు వెంబడి వేలితో తడుముకుంటూ పోయా,
ఎక్కడా లేదు, నాలుగో పట్టీలోనూ లేదు.

ఒక్క చిల్లయినా దొరికితే బాగుండుననిపించింది.

బయటెవరో షట్టరు తట్టి
హుక్కులున్నాయా అన్నారు.